నేలకు దిగని ఎర్రదారం

శుక్రవారం ఉదయం పదీ పదికి హనుమంతరాయుడు పట్టు మిల్లు గేటు దాటేసరికే సర్కిల్ ఇన్‌స్పెక్టర్ ఈశ్వరప్ప జీపు లోపలికి చేరి ఉంది. వెనక సీట్లో బేడీలతో కూచున్నవాడు బాయిలర్ మనిషి యేసన్న. సరిగ్గా పన్నెండింటికి ఆ జీపు పెనుకొండ కోర్టుకు బయలుదేరుతుంది. ఆ తర్వాత యేసన్న నెత్తిన హత్యానేరం కూచుంటుంది, దాన్ని దించడానికి ఏళ్ళు పడతాయి. రాయుడి చేతిలో ఉన్నది నూటపది నిమిషాలు.

యేసన్న పెళ్ళాం కదిరమ్మ బుధవారం నాడు అనంతపురం వచ్చి రాయుడి గుమ్మంలో కూచుని చెప్పిన మాట ఒకటే. “నా మొగుడు తాగుతాడన్నా. కాదనను. కానీ బాయిలర్ కాడ తాగడు.” మొగుణ్ణి వెనకేసుకొచ్చే మనిషి అసలు తాగడనే చెబుతుంది. సగం నిజం ఒప్పుకున్న మనిషి మిగతా సగం అబద్ధం చెప్పదని రాయుడి నమ్మకం. ప్రైవేటు డిటెక్టివ్‌గా ఎనిమిదేళ్ళలో ఆ నమ్మకం అతన్ని రెండుసార్లే ముంచింది.

జరిగింది చెప్పుకోడానికి చిన్నదే. సోమందేపల్లె దాటి గోరంట్ల దారిలో ఉన్న ఈ మిల్లులో పన్నెండు మిషన్లు ధర్మవరం మగ్గాల కోసం పట్టుదారాన్ని మెలి తిప్పుతాయి. తిప్పిన మెలి విడిపోకుండా దారం చుట్టిన బాబిన్లను ఇనప గదిలాంటి ఒక పెట్టెలో పెట్టి ఆవిరి పట్టిస్తారు. సోమవారం మధ్యాహ్నం ఒంటిగంటకు పది నిమిషాల ముందు ఆ ఆవిరి పెట్టెలోనుంచి కేక వినిపించింది. తలుపు తీసేసరికి తూకం రాసే బయ్యన్న లోపల ప్రాణం పోయి పడి ఉన్నాడు.

రాయుడు జీపు పక్కన నిలబడ్డాడు.

“సోమవారం పన్నెండింటికి ఏం చేసినావు యేసన్నా?”

“కరెంటు పోయింది సార్. రోజూ పన్నెండు నుంచి రెండు దాకా కోతే గదా. ఆవిరి వాల్వు మూసినా. పొయ్యిలో శనక్కాయ పొట్టు వేసేది ఆపినా. అన్నానికి పోయినా.”

“బాయిలర్‌కు కరెంటుతో ఏం పని?”

“ఏం పనీ లేదు సార్. మిషన్లు ఆగితే పెట్టెలో పెట్టేదానికి సరుకు యాడిది? అందుకని మూస్తా.”

“యాడ తిన్నావు?”

“గేటు కాడ యాప చెట్టు కింద. నా పెండ్లాము సంగటి తెచ్చింది. కేక ఇనపడినప్పుడు ముద్ద నోట్లోనే ఉండాది సార్. బయ్యన్న నాకు అన్న మాదిరి. నేనెట్ల చంపుతా?”

“అయిపోయిందా కచేరీ?” అంటూ ఈశ్వరప్ప వచ్చాడు. ఒకప్పుడు ఇద్దరూ ఒకే స్టేషన్‌లో పనిచేసినవాళ్ళే. రాయుడు ఉద్యోగం వదిలేసిన రోజున ఈశ్వరప్ప మిఠాయి పంచాడని చెప్పుకుంటారు. “రాయుడూ, ఆవిరి వదిలేది ఈ మిల్లులో ఒక్కడే. ఆవిరికి చచ్చింది ఒక్కడే. ఈ లెక్కకు డిటెక్టివ్ ఎందుకప్పా?”

“ఇతను అప్పుడు యాప చెట్టు కింద ఉండాడు.”

“చూసిందెవరు? పెండ్లాము! నా పెండ్లామునడిగితే నేను కలెక్టరని చెప్తాది.”

“మీ పెండ్లాము సంగతి నాకు తెలీదు గాని, పెట్టె చూసినారా?”

“చూసేదేముండాది? లోపలుండేది చూసుకోకుండా ఈ తాగుబోతు వాల్వు తిప్పినాడు. అంతే.”

“అట్లయితే అది అజాగ్రత్త. హత్య అని ఎందుకు రాసినారు?”

ఈశ్వరప్ప మీసం సర్దుకున్నాడు. “ఇద్దరికీ శనివారం మాటా మాటా వచ్చిందని మేనేజరు చెప్పినాడు.”

రాయుడు ఆవిరి పెట్టె దగ్గరికి వెళ్ళాడు. ఇన్‌స్పెక్టర్ వెనకే వచ్చాడు, పోటీదారుణ్ణి ఒంటరిగా వదలడం మంచిది కాదని. ఇనప తలుపుకు గొళ్ళెం బయటివైపే ఉంది. రాయుడు తలుపును మెల్లగా ఒకసారి, గట్టిగా రెండుసార్లు వేసి చూశాడు. మూడుసార్లూ గొళ్ళెం ఉన్నచోటే ఉంది తప్ప దానంతటది పడలేదు. “చెయ్యి పెట్టి తొయ్యకపోతే పడదు. సోమవారం పడింది,” అన్నాడు.

తర్వాత లోపలికి వంగి అరల అడుగున చెయ్యి పెట్టి తడిమాడు. ఒక బాబిన్ దొరికింది. దాని చెక్క అంచుకు ఎర్రరంగు పూసి, ఏడు అంకె వేసి ఉంది.

“సోమవారం పొద్దున పెట్టింది మర్చిపోయింటారు,” అన్నాడు ఈశ్వరప్ప.

“అయ్యుండొచ్చు,” అని రాయుడు దాన్ని చేతిలో ఎత్తి చూశాడు. వేలికి తడి తగల్లేదు కానీ చేతికి బరువు తెలిసింది. పట్టు అంతే, కడివెడు నీళ్ళు తాగి కూడా మూతి తుడుచుకుని కూచునే రకం. బాబిన్‌ను జేబులో వేసుకున్నాడు. పదీ ముప్పై అయిదు.

మేనేజరు గోవిందప్ప వరండాలో ఎదురొచ్చాడు. తెల్ల పంచె, తెల్ల చొక్కా, మడత నలగని మనిషి. సాక్ష్యం చెప్పడానికి తనూ జీపులో కోర్టుకు వస్తున్నాడు కాబట్టి మరీ తెల్లగా ఉన్నాడు. నిన్న గురువారం రాయుడు అడిగిందే తడవుగా మిల్లు పుస్తకాలన్నీ తెచ్చి బల్ల మీద పెట్టింది ఈయనే. రాయుడు పొద్దు గూకేదాకా చదివాడు. వారం వారీ, రోజు వారీ, మిషన్ వారీ అంకెలన్నీ పొందిగ్గా ఉన్నాయి. ఒక్కటీ తప్పు లేదు. అంకెల బారులు చూస్తే రాయుడికి తల తిరుగుతుంది, నిన్న మరీ తిరిగింది.

తూకం గదిలోకి వచ్చాక రాయుడు ఆగిపోయాడు. నిన్న ఈ గోడ మీద రంగు దారాలు ఉండడం అతను వాకిట్లోనుంచి చూశాడు. పొద్దు చాలక, ఇవాళ చూద్దామనుకున్నాడు. ఇప్పుడు దారాలు లేవు. ఎనిమిది అడుగుల వెడల్పున సున్నం గోడ నిండా వందల కొద్దీ చిన్న మేకులు మాత్రం మిగిలాయి.

“దారాలేమైనాయి గోవిందప్పా?”

“నేనే తీయించినా సార్, నిన్న రాత్రికి. మా సుబ్బరత్నమ్మ ముచ్చట పడి కట్టుకున్న ముగ్గులాంటిది. మనిషి పోయిన చోట పండగ మాదిరి ఆ రంగులేంటికని... పట్టుదారం గదా, పారేయకుండా చుట్టి గోడౌన్‌లో పెట్టించినా.”

“మనిషి పోయింది సోమవారం. దుఃఖం గురువారం వచ్చిందా?”

గోవిందప్ప చిన్నగా నవ్వాడు. “పని ఒత్తిడి సార్,” అని చేతులు కట్టుకుని, కాఫీ పంపిస్తానని వెళ్ళిపోయాడు.

గది మూలన యాభై ఏళ్ళ మనిషి ఒకామె నిలబడి ఉంది. చేతిలో చిన్న సుత్తి, చెంగున మేకుల మూట. సుబ్బరత్నమ్మ ఆమే.

“అక్కా, ఇదేంది? ముగ్గేనా?”

ఆమె ముఖం మండిపోయింది. “ముగ్గంటాడా? నాలుగేండ్లు చూసినాడు, ఒక్కనాడన్నా ఇదేందని అడిగినాడా? మా నాయన ధర్మవరంలో చీర అంచులకు గళ్ళ కాగితం మీద బొమ్మలు గీసేటోడప్పా. ఏ గడిలో చుక్క పెడితే ఏ పోగు లేస్తాదో చూసి పెరిగినా. ఈడికొస్తే మిషన్ మిషన్‌కు కొట్లాటలు. నీది ఎక్కువ, నాది తక్కువ అని. సగంమందికి చదువు రాదు, పుస్తకం చూపిస్తే ఏం తెలుస్తాది? అందుకని గోడకెక్కించినా.”

అని చెయ్యి చాపి చూపించింది. కింద ఎర్రమట్టి జాజుతో గీసిన గీతే నేల. దాని వెంబడి ఎడమ నుంచి కుడికి గంటలు: సోమవారం ఎనిమిది నుంచి శనివారం దాకా. పైకి పోయేది తూకం. గంట గంటకు ఒక్కో మిషన్ నుంచి దిగిన పట్టు ఎంతో తూకం చీటీ వస్తుంది. అంత ఎత్తులో చెప్పులు కుట్టేవాళ్ళ మేకు ఒకటి దిగేసి, ఆ మిషన్ రంగు దారాన్ని లాగి దానికి చుడుతుంది. పన్నెండు మిషన్లకు పన్నెండు రంగులు. ఆదివారం పీకేసి సోమవారం మళ్ళీ మొదలు.

“పోయిన ఎండాకాలం నాలుగో నెంబరు పచ్చదారం రోజూ మూడు గంటలకు కూలబడేది. తిప్పేటోడు సోమరిపోతని మేనేజరప్ప తిట్టినాడు. నేను గోడ చూసి, పైకప్పు రేకు సందు చూసినా. మూడింటికి ఎండ సరిగ్గా ఆ మిషన్ మీద పడుతాంది, పట్టు ఎండి పుటుక్కుమంటాంది. ఆడ తడి గోనెపట్టా కట్టినాం. మర్నాటి నుంచి పచ్చదారం లేసి కూచునింది.”

రాయుడు నోరు తెరుచుకుని విన్నాడు. నిన్న పది గంటలు కళ్ళు పొడుచుకుని అతను చదవలేకపోయిన మిల్లును ఈమె గోడకు మేకులు కొట్టి చూపిస్తోంది. చదువుకున్నందుకు అతనికి కొంచెం సిగ్గేసింది.

“మళ్ళా కట్టగలవా అక్కా? దారం పోయింది గదా?”

“దారందేముంది అప్పా, తుక్కు బుట్ట నిండా ఉండాది. మేకులుండాయి గదా!”

పట్టు ఊళ్ళో పట్టుకే విలువ. ధర్మవరం చుట్టుపక్కల పుట్టినవాడెవడైనా జాన బెత్తెడు దారాన్ని కళ్ళకద్దుకుని దాస్తాడు కానీ మేకును ఎవడు లెక్కచేస్తాడు? గోవిందప్ప కూడా ఆ నేలన పుట్టినవాడే. దారం భద్రంగా దాచి లెక్కంతా గోడకే వదిలేశాడు.

పదకొండింటికి ఆమె మొదలుపెట్టింది. దారాలు లాగేసినప్పుడు ప్రతి మేకుకూ రవ్వంత రంగు పీచు చిక్కుకుని ఉండిపోయింది. ఆ పీచు చూస్తూ, సగం చోట్ల చూడకుండానే, ఆమె వేళ్ళు పచ్చకు పచ్చ, పసుపుకు పసుపు అందించాయి. మేకు మేకుకూ రెండు చుట్లు. వీణ మీద వేళ్ళు కూడా అంత నమ్మకంగా తిరగవు. ఎగతాళి చేద్దామని లోపలికి వచ్చిన ఈశ్వరప్ప కూడా తలుపుకు ఆనుకుని ఆమె వేళ్ళనే చూశాడు.

సోమవారం గోడ మీదికి వచ్చింది. ఉదయం పన్నెండు రంగులూ కలిసి నడిచాయి. పన్నెండు గంటల దగ్గర కరెంటు పోగానే అన్నీ కట్టగట్టుకుని నేలకు దిగాయి. రెండు తర్వాత మళ్ళీ లేచాయి.

“అక్కా, నేల మీద ఆ మేకుకు ఎన్ని రంగులుండాయి?” అన్నాడు రాయుడు.

ఆమె లెక్కపెట్టలేదు. “పదకొండు,” అంది.

“మిషన్లు పన్నెండు గదా. పన్నెండోది యాడ?”

ఆమె ఎర్రదారం తీసుకుని నేల మేకు మీదుగా దాటించి, జానెడు పైన ఒంటరిగా ఉన్న మేకుకు చుట్టింది. ఏడో నెంబరు. కరెంటు లేని గంటలో, మనిషి లేని షెడ్డులో, ఒక్క మిషనే పని చేసి సరుకు దించినట్టు.

పుస్తకంలో ఇది కనిపించకపోవడంలో వింత లేదు. పుస్తకంలో రోజు మొత్తమే ఉంటుంది, గోడ మీద గంట ఉంది. రాయుడు జేబులోని బాబిన్ తీసి ఇన్‌స్పెక్టర్ చేతిలో పెట్టాడు. “తూచి చూడండి. ఉండాల్సిన దానికంటే బరువుంటాది. ఏడో నెంబరు పట్టును ఎవరో కొంచెం కొంచెంగా కొట్టేస్తాండారు. మిగిలినదానికి ఆవిరిలో నీళ్ళు తాపి తూకం సరిచేస్తాండారు. ఆ పెరిగిన తూకాన్ని ఏదో ఒక గంటకు రాయాల. తక్కెడ కాడ మనిషి ఉండని గంట అన్నం గంటే. బయ్యన్న అది కనిపెట్టి పెట్టెలో చూడబోయినాడు. వెనక గొళ్ళెం పడింది.”

సుబ్బరత్నమ్మ కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి. “కనిపెట్టింది నేనప్పా. మూడు వారాలుగా ఎర్రదారం మధ్యాన్నం దిగల్యా. శనివారం బయ్యన్నకు చెప్పినా. ‘ఆ గంటలో నేను చీటీ రాయను గదక్కా, సోమవారం చూస్తా’ అనె. చూసేదానికి పోయె. నా నోరే ఆయప్పను చంపింది.”

“ఇన్నాళ్ళు నాకెందుకు చెప్పలేదు?” అన్నాడు ఈశ్వరప్ప.

“మీరు అడిగినారా సార్? మేకులు కొట్టుకునే ఆడదాన్నని నా తట్టు చూడను కూడా చూడల్యా.”

ఈశ్వరప్ప అంత సులభంగా ఓడిపోయేవాడు కాదు. “సరే, దొంగతనం ఉండాది. ఒప్పుకుంటా. మరి ఆవిరి పట్టించిందెవరు రాయుడూ? ఆవిరి వదిలే మనిషి మిల్లులో ఒక్కడే. అంటే దొంగ యేసన్నే. దొరికిపోతానని చంపినాడు. నువ్వు శ్రమపడి నా కేసునే గట్టిచేసినావప్పా.”

ఆ మాటలో తప్పు లేదు. కిటికీలోనుంచి జీపు కనిపిస్తోంది, బేడీల చేతులు ఒళ్ళో పెట్టుకుని యేసన్న తల వంచుకుని ఉన్నాడు. పదకొండూ ముప్పై అయిదు. రక్షిద్దామని వచ్చినవాడి మెడకు తాడు తనే పేనినట్టయింది.

సుబ్బరత్నమ్మ మాత్రం చెయ్యి ఆపలేదు. “మేకులింకా అయిపోలేదు సార్,” అంది.

మంగళవారం చావు కోసం మిల్లు మూశారు, గోడ ఖాళీ. దారాలు దాన్ని దాటి బుధవారంలోకి వచ్చాయి. ఎనిమిది, తొమ్మిది, పది, పదకొండు. పన్నెండింటికి కరెంటు పోయింది. పదకొండు రంగులు నేలకు దిగాయి. ఎర్రదారం దిగలేదు.

రాయుడు ఒక్క అడుగు ముందుకు వేశాడు. “ఇన్‌స్పెక్టర్ గారూ, బుధవారం మధ్యాన్నం యేసన్న యాడున్నాడు?”

“రికార్డులో అరెస్టు ఈ పొద్దు రాసినారు. నాకు తెలుసు. కానీ సోమవారం సాయంత్రం నుంచి మీ లాకప్‌లోనే ఉండాడు. కదిరమ్మ రోజూ సంగటి తెచ్చిచ్చింది మీ స్టేషన్ మెట్ల మీద. కాదంటారా? ఇన్నాళ్ళు కోర్టుకు చూపించకుండా పెట్టుకున్నందుకు మిమ్మల్ని అడిగేవాళ్ళు వేరే ఉండారు. ఈ పొద్దు మాత్రం ఆ తప్పే ఇతనికి సాక్ష్యం. మీ తాళం లోపల ఉండే మనిషి బుధవారం ఈడికొచ్చి ఆవిరి ఎట్ల వదిలినాడు?”

ఇన్‌స్పెక్టర్ ముఖం మీద చెమట పట్టింది. ఎంత మొండివాడైనా అతను లంచగొండి కాదు, అది రాయుడికి తెలుసు. ఈశ్వరప్ప గోడ దగ్గరికి వెళ్ళి బుధవారం ఎర్రమేకును వేలితో ముట్టుకుని చూశాడు. “బయ్యన్న చచ్చిపోయినంక తక్కెడ కాడ కూచునేది ఎవరు?” అన్నాడు నెమ్మదిగా.

“మేనేజరప్పే సార్,” అంది సుబ్బరత్నమ్మ. “ఆయప్ప ఒక్కడే. చీటీలు రాసేది, సంతకం పెట్టేది ఆయప్పే. యేసన్న లేనప్పటి నుంచి ఆవిరి వాల్వు కాడ కూడా ఆయప్పే.”

“ఆయనొక్కడే ఉంటే ఆ చీటీ ఆయనే రాసినాడని రుజువేంది? కోర్టులో నిలబడాల గదా. నేను తప్పుగా రాసినా, మిషన్ నెంబరు తారుమారైంది అంటాడు.”

సుబ్బరత్నమ్మ గురువారం కట్టేసి, ఇందాక పనివాడొకడు తెచ్చిస్తే చెంగున ముడేసుకున్న చీటీల కట్ట విప్పింది. ఇవాళ్టివి ఇంకా గోడకెక్కలేదు. “మేనేజరప్ప మీతో కోర్టుకు రావాలని ఈ పొద్దువి ముందే పంపించినాడు సార్, పదకొండున్నరకు. ఎనిమిది నుంచి పదకొండు దాకా, మూడు గంటలు, పన్నెండు మిషన్లు. ముప్పై ఆరు చీటీలు,” అంటూ ఒక్కొక్కటే చూసి మేకు కొడుతోంది. ఆమె పని మధ్యలో ఆపడం రాయుడు అంతవరకు చూడలేదు. ఇప్పుడు ఆగింది.

“ముప్పై ఏడుండాయప్పా.”

చివరి చీటీని ఆమె ముందుకు చాపింది. రాయుడు అందుకుని చదివి ఇన్‌స్పెక్టర్‌కు ఇచ్చాడు. ఏడో నెంబరు మిషన్. శుక్రవారం. పన్నెండు నుంచి ఒంటిగంట దాకా. కిలో రెండు వందల గ్రాములు. కింద గోవిందప్ప సంతకం, నీలి సిరాతో, ముచ్చటగా.

ఈశ్వరప్ప చేతి గడియారం చూసుకున్నాడు. పదకొండూ యాభై ఆరు.

మధ్యాహ్నం తను కోర్టులో ఉంటాడు కాబట్టి గోవిందప్ప ఆ గంట పని ముందే ముగించుకున్నాడు. దారాలు తీయించాక ఇక చీటీలు ఎవరు లెక్కపెడతారనుకున్నాడు. పొరపాటున రాశానని, నెంబరు తారుమారైందని చెప్పుకోడానికి వీల్లేదు. ఇంకా పుట్టని గంటకు తూకం వేసినవాడు దేవుడైనా కావాలి, దొంగైనా కావాలి.

“ఇన్నేండ్ల సర్వీసులో నాకు ఇట్లాంటి సాక్షి దొరకల్యా,” అన్నాడు ఈశ్వరప్ప, సుబ్బరత్నమ్మ వైపు తిరిగి. టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. “అమ్మా, ఆ గోడను ఎవరూ ముట్టుకోకుండా కానిస్టేబుల్‌ను పెడతా.” రాయుడి వైపు మాత్రం చూడలేదు. అంత త్వరగా చూడగలిగితే అతను ఈశ్వరప్ప కాడు.

జీపు దగ్గరికి వెళ్ళి బేడీల తాళం తీశాడు. యేసన్న నమ్మలేక మణికట్లు తడుముకుంటూ అట్లాగే కూచున్నాడు. గేటు బయటినుంచి కదిరమ్మ కొంగు నోట్లో కుక్కుకుని పరుగెత్తుకొచ్చింది.

అప్పుడే గోవిందప్ప సంచి పట్టుకుని వరండా మెట్లు దిగాడు. “బయలుదేరుదామా సార్? కోర్టుకు పొద్దు పోతాంది.” ఖాళీ అయిన బేడీలు చూశాక అతని నవ్వు పెదాల మీదే నిలబడిపోయింది.

“పోదాం. అంతకుముందు ఈ చీటీ ఒకటి నాకు అర్థం కాలేదు. నీ సంతకమే. చదివి చెప్పు.”

గోవిందప్ప చీటీ తీసుకున్నాడు. అదే క్షణాన షెడ్డులో పన్నెండు మిషన్లూ ఒకదాని వెనక ఒకటి మూలిగి ఆగిపోయాయి. కరెంటు పోయింది. ఇన్నాళ్ళూ ఎవరూ పట్టించుకోని ఆ నిశ్శబ్దంలో అందరూ అతని గొంతు కోసం ఎదురుచూశారు.

“చదువప్పా,” అన్నాడు ఈశ్వరప్ప. “ఏడో నెంబరు ఇప్పుడు తిరుగుతాందా, లేదా?”